గుండెకు ఏ స్కాన్ చేయించుకోవాలి? టీఎంటీ, సీటీ యాంజియో, థాలియం, అసలు యాంజియోగ్రామ్: బెంగళూరులో ఉన్న మనవాళ్ల కోసం

"అన్నా, గుండెకు ఏ స్కాన్ మంచిది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బెంగళూరులో ఒక ఆసుపత్రి సీటీ గదిలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లదీ, మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలదీ ఇదే ప్రశ్న. నేను తిరిగి అడిగేది ఒకటే, నొప్పి ఉందా లేదా, ఉంటే ఎప్పుడు వస్తోంది అని. దానికి జవాబు లేకుండా ఏ స్కాన్ ఎంచుకున్నా డబ్బు దండగే, ఒక్కోసారి డబ్బుతో కూడా పోదు, అవసరం లేని యాంజియోగ్రామ్ దాకా లాక్కెళ్తుంది.

నేను డాక్టర్ని కాదు. పైగా రోజూ సీటీ మిషన్ పక్కనే నిలబడతాను కాబట్టి నాకు సీటీ వైపు కాస్త మొగ్గు ఉంటుంది, అది తీసేసి చదువుకోండి. టెస్టు రాయాల్సింది కార్డియాలజిస్టే. కానీ ఆయన గదిలో మనకు దొరికే ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలిసి వెళ్తే బాగుంటుంది కదా, అందుకే ఇదంతా.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. కూర్చున్నచోటే ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉండి పదిహేను నిమిషాలైనా తగ్గకపోతే, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే, మీరు స్కాన్ ఎంచుకునే పరిస్థితిలో లేరు. 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్లిపోవాలి. అక్కడ ఈసీజీ తీస్తారు, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రొటీన్) రక్తపరీక్ష చేస్తారు, మొదటిసారి మామూలుగా వచ్చినా కొన్ని గంటల తేడాతో మళ్లీ చేస్తారు. మనవాళ్లలో "ఏం లేదు సార్, గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకుని తెల్లారాక వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డయాగ్నస్టిక్ సెంటర్లో స్లాట్ ఎప్పుడుందో వెతుక్కునే నొప్పి కాదది. ఇక్కడి నుంచి నేను రాసేదంతా నిదానంగా వచ్చే నొప్పి గురించి, అంటే మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గే రకం గురించి, లేదా నొప్పేమీ లేకుండా భయం మాత్రమే ఉన్నవాళ్ల గురించి.

రెండు రకాల పరీక్షలు

పేర్లు చాలా వినబడతాయి కానీ గుండె రక్తనాళాల జబ్బు కోసం చేసే పరీక్షలు రెండే రకాలు. ఒక రకం నాళాన్నే చూస్తుంది, లోపల కొవ్వు పేరుకుందా, ఎంత సన్నబడింది అని. సీటీ యాంజియో, క్యాల్షియం స్కోర్, చేతి మణికట్టు నుంచి ట్యూబ్ పంపి చేసే అసలు యాంజియోగ్రామ్ ఈ రకం. రెండో రకం నాళాన్ని చూడదు, గుండె గట్టిగా పనిచేస్తున్నప్పుడు కండరానికి రక్తం సరిపోతోందా అని చూస్తుంది. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), స్ట్రెస్ ఎకో, మనవాళ్లు ఇంకా థాలియం అనే పిలిచే న్యూక్లియర్ స్కాన్, స్ట్రెస్ ఎంఆర్ఐ ఇటువైపు. రోడ్డు వెడల్పు టేపు పెట్టి కొలవడం వేరు, సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు దగ్గర బండ్లు ఎలా కదులుతున్నాయో నిలబడి చూడడం వేరు. రెండూ నిజమే చెప్తాయి, కానీ ఒకదాని జవాబు రెండోదానికి పనికిరాదు. నాళం సగం పూడిపోయి ఉన్నా రక్తం సరిపోతుండొచ్చు. టీఎంటీ చక్కగా పాసైన మనిషి నాళంలో కొవ్వు ఉండొచ్చు.

ఇక్కడే ఒక పెద్ద అపోహ గురించి చెప్పాలి. "ఈసీజీ నార్మల్, ఎకో నార్మల్, ఈఎఫ్ 60, ఇంక బ్లాకులేం లేవు" అని ఊరికి ఫోన్ చేసి చెప్పేస్తారు. ఈఎఫ్ అంటే గుండె ఒక్కో దెబ్బకు ఎంత శాతం రక్తం బయటికి నెడుతోందన్న అంకె. పడుకోబెట్టి చేసే మామూలు ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్, గుండె కండరం ఎలా కొట్టుకుంటోందో, వాల్వులు ఎలా ఉన్నాయో చెప్తుంది. ఇంతకుముందు అటాక్ వచ్చి కండరం దెబ్బతిని ఉంటే చాలావరకు కనబడుతుంది. నాళం ఎనభై శాతం పూడినా విశ్రాంతిలో కండరం హాయిగా కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి ఈఎఫ్ బాగుంటుంది, ఈసీజీ కూడా అంతే. ఆ రెండూ చేయించుకోవాలి, తప్పకుండా చేయించుకోవాలి, కానీ అవి బ్లాకులకు క్లీన్ చిట్ ఇవ్వవు.

టీఎంటీ: చవకే, కానీ ఎవరికి?

ట్రెడ్‌మిల్ మీద బ్రూస్ పద్ధతిలో మూడేసి నిమిషాలకు వేగం, ఎత్తు పెంచుతూ నడిపిస్తారు, 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతం దాకా గుండె వేగం వెళ్లాలి. ఈసీజీలో ఎస్టీ గీత దిగితే పాజిటివ్ అంటారు. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, జబ్బు ఉన్న వందమందిలో సుమారు 68 మందినే ఇది పట్టుకుంటుంది, లేని వందమందిలో దాదాపు 23 మందికి ఉందని చెప్తుంది. అంటే ఏ జబ్బూ లేని ముప్పై ఏళ్ల కుర్రాడికి కంపెనీ హెల్త్ చెకప్ ప్యాకేజీలో టీఎంటీ చేస్తే, పాజిటివ్ వచ్చినా అది నిజం కాకపోయే అవకాశమే ఎక్కువ. అలా "బార్డర్‌లైన్ పాజిటివ్" అని కాగితం పట్టుకుని, రాత్రంతా నిద్రలేక, మా దగ్గరికి సీటీకి వచ్చి, నాళాలు అద్దంలా ఉన్నాయని తెలుసుకుని వెళ్లిన పిల్లలు తక్కువేం కాదు. ఆడవాళ్లలో ఈ తప్పుడు పాజిటివ్‌లు ఇంకా ఎక్కువ.

అలాగని పనికిరానిదేం కాదు. ఒక మనిషి ఎంతసేపు నడవగలిగాడు అన్నదే పెద్ద సమాచారం, పది మెట్స్ (శ్రమను కొలిచే లెక్క) దాటి నొప్పి లేకుండా నడిచినవాళ్ల భవిష్యత్తు సాధారణంగా బాగుంటుంది. నొప్పి ఉన్నవాళ్లను నడిపించి అదే నొప్పి వస్తోందా అని చూడడానికి కూడా మంచిదే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, ఈసీజీలో ముందే ఎడమ బండిల్ బ్లాక్ (నాళంలో కాదు, గుండె లోపలి కరెంటు దారిలో అడ్డు) ఉన్నవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇది రాయించుకుని లాభం లేదు, నేరుగా ఇంకోదానికి వెళ్లడమే. బీపీకో గుండెదడకో బీటా బ్లాకర్ మాత్ర వాడుతుంటే గుండె వేగం పెరగదు, టెస్టుకు ముందు ఆపాలా వద్దా అని డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు ఆపేయకండి.

సీటీ యాంజియో

ఇది నా ఇల్లు లాంటిది కాబట్టి కాస్త ఎక్కువ మాట్లాడతాను.

చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కించి, గుండె రెండు కొట్టుకోవడాల మధ్య నిలకడగా ఉండే క్షణాన్ని పట్టుకుని ఫొటో తీస్తాం. దీని అసలు బలం "లేదు" అని చెప్పడంలో ఉంది. మంచి క్వాలిటీ సీటీలో నాళాలు శుభ్రంగా ఉన్నాయంటే పెద్ద బ్లాకు ఉండే అవకాశం చాలా చాలా తక్కువ, అందుకే అనుమానం ఒక మోస్తరుగా ఉన్నవాళ్లకు ఇది మొదటి పరీక్షగా బాగా పనికొస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లోనే, నిదానంగా వచ్చే కొత్త ఛాతీ నొప్పికి మొదటి పరీక్ష ఇదే అని రాసింది. యూరప్ కార్డియాలజీ సంఘం 2024 మార్గదర్శకాల్లో కూడా, జబ్బు ఉండే అవకాశం 5 నుంచి 50 శాతం మధ్య ఉన్నవాళ్లకు సీటీని ముందు పెట్టారు, అంతకన్నా పైకి వెళ్లేకొద్దీ రక్తప్రవాహం చూసే పరీక్షలు, 85 శాతం దాటితే నేరుగా యాంజియోగ్రామ్.

స్కాట్లాండ్‌లో ఛాతీ నొప్పి ఉన్న 4,146 మందితో స్కాట్-హార్ట్ అని ఒక అధ్యయనం చేశారు. మామూలు పరీక్షలకు సీటీ కూడా కలిపినవాళ్లలో ఐదేళ్లలో గుండెపోటో, గుండె జబ్బుతో మరణమో 2.3 శాతం మందికి, సీటీ లేనివాళ్లలో 3.9 శాతం మందికి. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి. స్కాన్ తీస్తే గుండెపోటు ఆగదు కదా మరి, ఎలా తగ్గింది? నాళంలో ముప్పై శాతం కొవ్వు కనబడిన మనిషికి టీఎంటీ నార్మల్ వచ్చేది, ఇంటికి పంపేసేవాళ్లు. సీటీలో అది కనబడటంతో కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ లాంటి మందులు సరైనవాళ్లకు మొదలయ్యాయి, తగ్గుదలకు ఎక్కువమంది చెప్పే కారణం అదే. గుండెపోట్లలో చాలా భాగం అంత పెద్దగా పూడని చోట కొవ్వు పగిలి రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి, కాబట్టి "చిన్న బ్లాకే, పర్లేదు" అని రిపోర్టును బీరువాలో పడేయకండి. ఇంకోవైపు అమెరికాలో 10,003 మందితో చేసిన ప్రామిస్ అధ్యయనంలో, 2015లో, సీటీతో మొదలుపెట్టినా టీఎంటీ, థాలియం లాంటివాటితో మొదలుపెట్టినా రెండేళ్లలో తేడా ఏమీ కనబడలేదు. ఈ సంగతి కూడా చెప్పకపోతే నా మొగ్గు బయటపడుతుంది.

ఇక బలహీనతలు. నాళంలో సున్నం, అంటే క్యాల్షియం, బాగా పేరుకున్న పెద్దవాళ్లలో ఆ తెల్లటి మెరుపు వెనకాల దారి ఎంత ఉందో సరిగ్గా కనబడదు, ఉన్నదానికన్నా ఎక్కువ బ్లాకు ఉన్నట్టు అనిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల కన్నా సన్నటి స్టెంట్ల లోపల కూడా అంతే. గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే ఫొటో చెదురుతుంది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎక్కువున్నవాళ్లకు అయోడిన్ మందు ఇవ్వాలంటే ఆలోచించాలి, అందుకే ముందు రక్తపరీక్ష అడుగుతాం. రొయ్యలు, చేపలు పడనివాళ్లు ఈ మందుకు భయపడనక్కర్లేదు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంతకుముందు ఏ స్కాన్‌లోనైనా ఇదే మందుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

"మీది ఎన్ని స్లైస్‌ల మిషన్?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. 64 కనీసం ఉండాలి, అది దాటాక 128 ఆ 256 ఆ అన్నదానికన్నా, గుండె వేగం అరవై దగ్గరికి తెచ్చారా, మీరు ఊపిరి సరిగ్గా పట్టారా, ఆ బొమ్మల్ని చదివే డాక్టర్ రోజూ గుండె సీటీలు చదివేవాడేనా అన్నవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. గుండె వేగం తగ్గడానికి మెటోప్రొలాల్ లాంటి మాత్ర ఇస్తాం, నాళాలు విప్పారడానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తాం. ఆ రోజు పొద్దున కాఫీ వద్దంటే వద్దు, బెంగళూరులో ఫిల్టర్ కాఫీ తాగకుండా వచ్చే మనిషి దొరకడం కష్టం అని నాకు తెలుసు, అయినా సరే. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి, నైట్రోగ్లిజరిన్‌తో కలిస్తే బీపీ పడిపోతుంది. మందు ఎక్కుతున్నప్పుడు ఒళ్లంతా వేడెక్కి, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, పోదు, కంగారు పడొద్దు. మిషన్ ఇచ్చే సూచనలు ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో వస్తే మన పెద్దవాళ్లు తికమకపడి సరిగ్గా ఫొటో తీసే క్షణంలోనే ఊపిరి వదిలేస్తారు. ముందురోజు ఇంట్లో పది సెకన్లు ఊపిరి బిగపట్టడం నాలుగైదుసార్లు చేయించండి, "మిషన్ మాట్లాడగానే ఊపిరి బిగపట్టు నాన్నా" అని చెప్పి పంపండి. ఇంత చిన్న పనితో ఎన్నో స్కాన్లు బాగుపడతాయి.

రిపోర్టులో క్యాడ్-ర్యాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 0 అంటే శుభ్రం, 1, 2 అంటే యాభై శాతం లోపు పూడిక, 3 అంటే 50 నుంచి 69, 4 అంటే 70 పైన లేదా ఎడమ ప్రధాన నాళంలో సగం పైన, 5 అంటే పూర్తిగా మూసుకుపోయింది. 3 దగ్గర ఆగినవాళ్లకు వెంటనే స్టెంట్ గురించి కాకుండా, రక్తం సరిపోతోందా లేదా అని చూసే రెండో రకం పరీక్ష గురించి అడగడం న్యాయం.

క్యాల్షియం స్కోర్

మందు ఎక్కించనక్కర్లేదు, సూది లేదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, రేడియేషన్ ఒక మిల్లీసీవర్ట్ దగ్గర. 0 వస్తే రాబోయే కొన్నేళ్లలో ముప్పు బాగా తక్కువ, 100 దాటితే స్టాటిన్ గురించి గట్టిగా మాట్లాడుకోవాలి, 400 దాటితే ఇంకా గట్టిగా. ఇది నొప్పి లేనివాళ్ల కోసం: నలభై దాటింది, తండ్రికి యాభైలో అటాక్ వచ్చింది, కొలెస్టరాల్ అటూ ఇటూగా ఉంది, డాక్టర్ మాత్ర వేసుకోమంటున్నాడు, మీకేమో ఇష్టం లేదు, అలాంటి తగువు తీర్చడానికి దీన్ని మించింది లేదు. నొప్పి ఉన్న నలభై ఏళ్ల మనిషి మాత్రం సున్నా చూసి ధైర్యపడకూడదు, మెత్తటి కొవ్వులో సున్నం ఉండదు, ఈ స్కాన్‌కు కనబడదు. స్టాటిన్ వాడుతున్నవాళ్లలో స్కోర్ పెరగడం మామూలే, మందు కొవ్వును గట్టిపరుస్తుంది, కాబట్టి ఏటేటా తీయించుకుని పెరిగిందని బాధపడటంలో అర్థం లేదు.

స్ట్రెస్ ఎకో, థాలియం, ఎంఆర్ఐ

స్ట్రెస్ ఎకో నాకు బాగా నచ్చే పరీక్ష, ఎందుకో తక్కువ రాస్తారు. నడిపించి గానీ డోబుటమిన్ మందుతో గానీ గుండె వేగం పెంచి, కండరంలో ఏ భాగమైనా నీరసంగా కదులుతోందా అని అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. రేడియేషన్ లేదు, కిడ్నీ భయం లేదు. చేసే డాక్టర్ చెయ్యి, కన్ను బాగుండాలి, అదొక్కటే షరతు. బాగా లావుగా ఉన్నవాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లలో బొమ్మ సరిగ్గా రాదు.

థాలియం అని పిలుస్తాం గానీ ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు. విశ్రాంతిలో ఒకసారి, వ్యాయామం తర్వాతో అడినోసిన్ లాంటి మందు తర్వాతో ఇంకోసారి బొమ్మ తీసి, రక్తం ఎక్కడ చేరలేదో పోల్చి చూస్తారు. సగం రోజు పడుతుంది, ముందురోజు నుంచి కాఫీ, టీ, కోలా, చాక్లెట్ బంద్. ఆస్తమా ఉంటే అడినోసిన్ పడకపోవచ్చు, ముందే చెప్పాలి. రేడియేషన్ పది మిల్లీసీవర్టుల దగ్గర ఉంటుంది, మంచి మిషన్ మీద సీటీ యాంజియోకి రెండు నుంచి ఐదు. మనం ఏ స్కానూ చేయించుకోకుండా మామూలుగా బతికితేనే ఏడాదికి సగటున 2.4 పడుతుంది, కాబట్టి అరవై ఐదేళ్ల మనిషి ఈ అంకెల గురించి ఆలోచించడం అనవసరం, ముప్పై ఐదేళ్ల ఆడమనిషి ఆలోచించడం అవసరం. పాత స్టెంట్లున్న, బైపాస్ అయిన, సుగర్ ఉన్న, మోకాళ్లు పట్టేసిన పెద్దాయన, మళ్లీ ఆయాసం అంటున్నాడు, అలాంటప్పుడు ఇదే సరైన పరీక్ష. ఒక చిక్కుంది: మూడు నాళాలూ సమానంగా పూడితే అన్నిచోట్లా ఒకేలా తక్కువ రక్తం కనబడి, పోల్చడానికి ఏమీ మిగలక, నార్మల్ అని రావచ్చు.

స్ట్రెస్ ఎంఆర్ఐ చాలా నిక్కచ్చిగా చెప్తుంది, చేసే చోట్లు తక్కువ, ముప్పావుగంట నుంచి గంట గుహలో పడుకోవాలి. మామూలుగా మన దగ్గర కార్డియాక్ ఎంఆర్ఐ, పెట్ స్కాన్ రాసేది పాత అటాక్ తర్వాత ఆ కండరం ఇంకా బతికుందా, స్టెంటో బైపాసో చేస్తే లాభం ఉంటుందా అని చూడడానికి. మొదటి పరీక్షగా ఎవరైనా రాస్తే ఎందుకు అని అడగండి.

అసలు యాంజియోగ్రామ్

ఇప్పుడు చాలావరకు మణికట్టు నుంచే చేస్తారు, అరగంట పని, చాలామంది అదేరోజు ఇంటికి వెళ్లిపోతారు. పెద్ద ప్రమాదాలు నూటికి ఒకటి కన్నా బాగా తక్కువ, అయినా సీటీతో పోలిస్తే ఎక్కువే. యూరప్‌లో 3,561 మందితో చేసిన డిశ్చార్జ్ అధ్యయనంలో, 2022లో, పరీక్షతో పాటు దాని వెంట జరిగిన చికిత్సల్లో పెద్ద సమస్యలు సీటీతో మొదలుపెట్టినవాళ్లలో 0.5 శాతం, నేరుగా యాంజియోగ్రామ్‌కి వెళ్లినవాళ్లలో 1.9 శాతం. ఆ తర్వాతి మూడున్నరేళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల్లో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాలుగు అడుగులకే నొప్పి వచ్చేవాళ్లకు, టీఎంటీలో మొదటి మెట్టులోనే ఈసీజీ మారిపోయినవాళ్లకు, ఈఎఫ్ పడిపోయినవాళ్లకు, ఎమర్జెన్సీలో వచ్చినవాళ్లకు ఇదే కావాలి, మధ్యలో సీటీ అని టైమ్ వేస్ట్ చేయకూడదు.

నాకు చిరాకు తెప్పించేది వేరే. టేబుల్ మీద మనిషి పడుకుని ఉండగానే బయటికి వచ్చి, "తొంభై శాతం బ్లాకు ఉంది, ఇప్పుడే స్టెంట్ వేసేద్దామా" అని ఇంటివాళ్లను అడుగుతారు, వాళ్లు వణికిపోతూ సంతకం పెడతారు. గుండెపోటుతో వచ్చిన మనిషికైతే అది అక్షరాలా ప్రాణం నిలబెట్టే పని, ఆలస్యం చేయకూడదు. కానీ నిదానంగా నొప్పి వచ్చే మనిషికి అంత తొందర అవసరం లేదు. 5,179 మందితో చేసిన ఇస్కీమియా అధ్యయనం, 2020లో అచ్చయింది, అలాంటివాళ్లలో ముందే స్టెంటో బైపాసో చేసినా మందులతో మొదలుపెట్టినా మరణాలు, గుండెపోట్లలో తేడా లేదని చెప్పింది. నొప్పి ఎక్కువున్నవాళ్లకు నొప్పి తగ్గడంలో లాభం కనబడింది. ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లను అందులో కలపలేదు, అది వేరే కథ. కాబట్టి లోపలికి పంపేముందే, చల్లగా ఉన్నప్పుడే, "స్టేబుల్‌గా ఉంటే బయటికి తెచ్చి మాట్లాడాక చేయండి సార్" అని చెప్పి పెట్టుకోండి, అనుమానంగా ఉండే బ్లాకుకి ఎఫ్ఎఫ్ఆర్ కొలుస్తారా అనీ అడగండి. సన్నటి తీగతో బ్లాకుకి అటూ ఇటూ ఒత్తిడి కొలిచి, ఆ రెండిటి నిష్పత్తి 0.80 కన్నా ఎక్కువుంటే మామూలుగా స్టెంట్ అక్కర్లేదంటారు.

మీరైతే ఏది?

ముప్పై నాలుగేళ్లు, నొప్పి లేదు, ఆఫీసులో ఎవరికో అటాక్ వచ్చిందని టెన్షన్. ఏ స్కానూ వద్దు. 2021 అక్టోబరు చివర్లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయాక ఈ ఊళ్లో గుండె పరీక్షలకు జనం ఎలా ఎగబడ్డారో తెలిసిందే. ఆ భయం ఊరికే వచ్చిందీ కాదు, ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మధ్యస్థ వయసు 53, మిగతావాళ్లకు దాదాపు 59. కానీ ఆ వయసులో భయానికి మందు బీపీ, సుగర్, కొలెస్టరాల్ చూపించుకోవడం, జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఏ (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం కొలెస్టరాల్) పరీక్ష చేయించుకోవడం, సిగరెట్ మానేయడం. ట్రెడ్‌మిల్ మీద పరీక్ష కోసం కాకుండా రోజూ నడిస్తే ఇంకా మంచిది.

నలభై ఎనిమిదేళ్లు, మెట్రో స్టేషన్ మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, ఆగితే తగ్గుతోంది, ఇంతకుముందు గుండె జబ్బు లేదు, కిడ్నీలు బాగున్నాయి: సీటీ యాంజియో, నా మొగ్గు తీసేసినా అదే. యాభై దాటిన అమ్మ, నొప్పి కన్నా ఆయాసం, దవడ లాగడం, నీరసం అంటోంది, ఇంట్లోవాళ్లు గ్యాస్ అనో మెనోపాజ్ అనో కొట్టిపారేస్తున్నారు: కొట్టిపారేయకండి, టీఎంటీతో ఆగిపోకుండా సీటీ గానీ స్ట్రెస్ ఎకో గానీ అడగండి. క్రియాటినిన్ రెండు దాటిన సుగర్ పేషెంట్ అయితే స్ట్రెస్ ఎకో లేదా థాలియం. స్టెంట్లున్న పెద్దాయనకి థాలియం అని పైనే చెప్పాను.

ఎక్కడ, ఎంత

రేట్లు ఆసుపత్రిని బట్టి విపరీతంగా మారతాయి కాబట్టి అంకెలు రాయను. వరస మాత్రం ఇది: ఈసీజీ, టీఎంటీ, ఎకో చవక, సీటీ యాంజియోకి వాటికన్నా చాలా ఎక్కువ, థాలియం మామూలుగా దాన్నీ మించుతుంది. బన్నేరుఘట్ట రోడ్డులోని జయదేవ గుండె ఆసుపత్రి ప్రభుత్వ స్వయంప్రతిపత్తి సంస్థ, కార్పొరేట్ రేట్లతో పోలిస్తే బాగా తక్కువ, రద్దీ మాత్రం ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మెట్రో మొదలయ్యాక ఆ పేరుతోనే స్టేషన్ వచ్చింది, ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఆటో బేరాలు తప్పాయి. వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రిలో చికిత్స ఉచితం, తెలుగు మాట్లాడేవాళ్లకు అక్కడ ఇబ్బంది ఉండదు, కాకపోతే వాళ్ల పద్ధతి ప్రకారం రిజిస్టర్ చేసుకుని తమ వంతు వచ్చేదాకా ఆగాలి.

ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. టెస్టుల కోసం మాత్రమే అడ్మిట్ అయితే ఆ ఖర్చు ఇవ్వమని పాలసీల్లో ఒక ప్రామాణిక మినహాయింపు ఉంటుంది, "సీటీ చేయించుకుని ఒక రాత్రి పడుకుంటే క్లెయిమ్ అవుతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఓపీ కవర్ ఉన్న పాలసీ అయితే వేరే సంగతి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

స్కాన్ ఎక్కడ చేయించుకున్నా కాగితం రిపోర్టుతో ఊరికే వచ్చేయకండి, బొమ్మల సీడీ గానీ లింక్ గానీ అడిగి తీసుకోండి. రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చూసుకోవాలనుకునేది ఆ బొమ్మల్నే, అవి లేకపోతే మళ్లీ తీయమంటారు, మళ్లీ సూది, మళ్లీ బిల్లు. లింకులు కొన్ని వారాలకే పనిచేయడం మానేస్తాయి కాబట్టి అదేరోజు డౌన్‌లోడ్ చేసుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టండి.